వెబ్‌సైటు తెరుచుకోలేదా? నెట్ పోయిందా, ఆపేశారా తేల్చుకునే పద్ధతి

సోంపేట నుంచి ఒక తల్లి అడిగారు: "మా అబ్బాయి దుబాయ్‌లో ఉన్నాడు. మెసేజ్‌లు వస్తున్నాయి, వాట్సాప్ కాల్ మాత్రం కలవడం లేదు. మా నంబరు ఎవరైనా ఆపేశారా బాబూ?" రాజాంలో డిగ్రీ చదివే అబ్బాయి అడిగాడు: "మొన్నటిదాకా చదివిన వార్తల సైటు ఈరోజు తెరుచుకోవడం లేదు సార్. నిషేధించారని అందరూ అంటున్నారు, నిజమేనా?" పలాసలో జీడిపప్పు వ్యాపారి ఒకాయన అడిగారు: "పొద్దున్నుంచి నెట్ మొత్తం లేదు. సర్కారే తీసేసిందంటారా?"

మూడూ ఒకే ప్రశ్నలా వినిపిస్తాయి కానీ మూడింటి జవాబులూ వేరు. మొదటిది ఇంకో దేశపు నియమం. రెండోది ఒక్క సైటుకు సంబంధించినది. మూడోది మొత్తం కనెక్షన్‌కు సంబంధించినది. విడివిడిగా చాలామందికి చెప్పాను. ఇప్పుడు ఒకేచోట రాస్తున్నాను, దగ్గర పెట్టుకోండి.

పరీక్ష చేయకుండా "నిషేధించారు" అని ప్రచారం చేయకండి. ఆ మధ్య నరసన్నపేట వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక స్థానిక వార్తల సైటును బ్లాక్ చేశారని సందేశం తెగ తిరిగింది. తీరా చూస్తే సైటు పేరుకు ఏటా కట్టాల్సిన రుసుమును దాని యజమాని కట్టలేదు, అంతే. తర్వాత కొన్నాళ్లకు ఇంకో పేజీ నిజంగానే ఆగిపోయింది. ఆధారాలతో సహా చెప్పినా వినేవారు లేకపోయారు. నాన్నా పులి కథ మనకు కొత్తది కాదు. నిజంగా నోరు నొక్కిన రోజున మన మాట చెల్లాలంటే, మిగతా రోజుల్లో మనం తొందరపడకూడదు.

కావలసినవి

రెండు వేర్వేరు కంపెనీల నెట్ కనెక్షన్లు కావాలి. ఒక ఫోనులోనే రెండు సిమ్‌లు ఉన్నా, ఒక సిమ్ డేటాతో పాటు ఇంట్లో ఫైబర్ నెట్ ఉన్నా సరిపోతుంది. ఏదీ లేకపోతే పక్కింటివారి ఫోను ఐదు నిమిషాలు అడగండి. సైటు ఆగిందో లేదో పరీక్షించే ఊనీ ప్రోబ్ అనే ఉచిత యాప్ కావాలి. ఒక నోటు పుస్తకం, కలం కావాలి. కంప్యూటర్ అక్కరలేదు. మొదటి రోజు పనికి గంట పడుతుంది.

మొదలుపెట్టే ముందు రెండు హెచ్చరికలు

పిల్లలపై లైంగిక దౌర్జన్యానికి సంబంధించిన పేజీలు ఆగి ఉన్నాయేమో "పరీక్షించడం" కోసమైనా తెరవకండి. వాటిని వెతకడం, చూడడం, దింపుకోవడం ఐటీ చట్టం 67బి కింద నేరం. పరీక్ష చేశాను అనే మాట మిమ్మల్ని కాపాడదు.

రెండోది: ఈ పరీక్షలు మీ సొంత ఫోనులో, మీ సొంత కనెక్షన్ మీద చేయండి. కార్యాలయం, కళాశాల, ఆసుపత్రి వైఫైల మీద వద్దు. అక్కడ నిర్వాహకులే కొన్ని సైట్లను ఆపి ఉంచుతారు కాబట్టి ఫలితం తప్పుగా వస్తుంది. పైగా మీ పేరు మీద లేని కనెక్షన్‌తో ప్రయోగాలు చేసినట్టవుతుంది.

1. కనిపించినది కనిపించినట్టు రాసుకోండి

సైటు పూర్తి చిరునామా, తేదీ, గంటా నిమిషాలతో సమయం, ఏ కంపెనీ నెట్, ఏ ఊరు, తెర మీద వచ్చిన సందేశం. ఇవి ఆరు. స్క్రీన్‌షాట్ తీయండి, అందులో పైనున్న చిరునామా, గడియారం కూడా కనిపించాలి.

చిరునామా విషయంలో చాలామంది పొరబడతారు. వాట్సాప్‌లో వచ్చిన లింకును నొక్కి "తెరుచుకోవడం లేదు" అంటారు. ఆ లింకులో ఒక అక్షరం తేడాగా ఉండవచ్చు, అది నకిలీ సైటే కావచ్చు. చిరునామాను మీ చేత్తో టైపు చేసి చూడండి. అలాగే సైటు మొదటి పేజీ తెరుచుకుని ఒక్క వార్త మాత్రమే తెరుచుకోకపోతే దాన్ని విడిగా రాసుకోండి. ఆ వార్తను సంపాదకులే తొలగించి ఉండవచ్చు.

2. ముందు మన ఇంటి తప్పులు చూసుకోండి

నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోయాయి. అందుకే ఈ మెట్టును దాటేయవద్దు.

ఫోనులో తేదీ, సమయం సరిగా ఉన్నాయా? తేదీ తప్పుగా ఉంటే సురక్షిత సైట్లన్నీ "ఈ కనెక్షన్ భద్రంగా లేదు" అని హెచ్చరిస్తాయి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి మళ్లీ వెలిగిన పాత ఫోన్లలో ఇది మామూలే.

రీచార్జి గడువు ఉందా? రోజువారీ డేటా అయిపోయిందా? డేటా అయిపోయాక వాట్సాప్ మెసేజ్‌లు మెల్లగా వెళుతూ సైట్లు మాత్రం తెరుచుకోకపోతే మనిషికి వెంటనే అనుమానం వస్తుంది.

విపిఎన్ (మన నెట్‌ను వేరే చోటి సర్వర్ మీదుగా తిప్పే యాప్) గానీ, ప్రకటనలను ఆపే యాప్ గానీ, పిల్లల కోసం పెట్టిన నియంత్రణ గానీ నడుస్తోందా? అన్నీ ఆపి మళ్లీ చూడండి.

ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్ లాంటి చోట్ల రైల్వే వైఫై పట్టుకున్నారా? అక్కడ ముందు నంబరు ఇచ్చి లాగిన్ కావాలి. అది పూర్తి కాకపోతే ఏ సైటూ రాదు.

ఇవన్నీ సరిగానే ఉన్నాయంటే, సంబంధం లేని నాలుగైదు సైట్లు తెరిచి చూడండి. అవి వచ్చి ఇది ఒక్కటే రాకపోతే మూడో మెట్టుకు వెళ్లండి. ఏదీ రాకపోతే చివర్లో ఉన్న "నెట్ మొత్తం పోయినప్పుడు" అనే భాగానికి వెళ్లండి.

3. రెండో కంపెనీ నెట్‌తో అదే చిరునామా తెరవండి

వెంటనే చేయాలి, రేపు కాదు. రెండు పరీక్షలకూ మధ్య పది నిమిషాలకు మించి తేడా ఉండకూడదు. సైటు సర్వర్ మధ్యలో పాడై బాగుపడితే మీ పోలికకు విలువ ఉండదు.

ఒక కంపెనీలో వచ్చి ఇంకో కంపెనీలో రాకపోతే సైటు బతికే ఉందని తేలుతుంది, అడ్డు దారిలో ఉంది. రెండింటిలోనూ రాకపోతే సైటే పడిపోయి ఉండవచ్చు, లేదా రెండు కంపెనీలూ ఆపి ఉండవచ్చు. అలాంటప్పుడు వేరే దేశంలో ఉన్న బంధువును తెరిచి చూడమనండి. అమెరికాలో ఉన్నవారినో, సింగపూర్‌లో ఉన్నవారినో అడగడం మన జిల్లాల్లో కష్టమేమీ కాదు. గల్ఫ్‌లో ఉన్నవారిని మాత్రం దీనికి వాడుకోకండి, కారణం తర్వాత చెబుతాను.

ఒక కంపెనీలో వస్తోంది కాబట్టి నిషేధం లేదని కూడా అనుకోకండి. మన దేశంలో ఆదేశం పైనుంచి వచ్చినా దాన్ని అమలు చేసేది ఇంటర్నెట్ కంపెనీలు. ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో అమలు చేస్తుంది. ఒకటి ఈరోజే ఆపుతుంది, ఇంకొకటి వారం తర్వాత ఆపుతుంది. ఆదేశం ఎత్తేశాక కూడా తాళం తీయడం మరిచిపోయే కంపెనీలు ఉంటాయి.

4. తెర మీది సందేశాన్ని చదవండి

అసలు విషయం చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది. మనం చదవకుండా వెనక్కి నొక్కేస్తాం. సైటును చేరలేకపోయామనే వాక్యం కింద చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది. దాన్ని చూడండి.

*టెలికమ్యూనికేషన్ల శాఖ ఆదేశం ప్రకారం గానీ, కోర్టు ఉత్తర్వు ప్రకారం గానీ నిలిపివేశామని రాసి ఉంటే* అది గట్టి ఆధారం. వెంటనే స్క్రీన్‌షాట్ తీయండి.

*ఎన్ఎక్స్‌డొమైన్ అని ఉంటే* ఆ పేరుకు సర్వర్ చిరునామా దొరకలేదని అర్థం. సైటు పేరు గడువు తీరి ఉండవచ్చు, లేదా కంపెనీ కావాలనే తప్పుడు జవాబు ఇచ్చి ఉండవచ్చు. ఐదో మెట్టు దీన్ని తేలుస్తుంది.

*రీసెట్ అని ఉంటే* మొదలైన సంభాషణను మధ్యలో ఎవరో తెంచారని అర్థం. సురక్షిత సైట్లను ఆపే పద్ధతుల్లో ఇది ఒకటి. మీరు ఏ పేజీ చదువుతున్నారో కంపెనీకి తెలియకపోయినా, ఏ సైటుకు వెళుతున్నారో ఆ పేరు మామూలుగా తెలుస్తుంది. ఆ పేరు చూసి తెంచేస్తారు. అయితే సిగ్నల్ బాగా లేనప్పుడు కూడా రీసెట్ రావచ్చు. అందుకని కనీసం ఐదుసార్లు ప్రయత్నించండి. ఐదుసార్లూ క్షణంలో అదే జవాబు వస్తే అనుమానం బలపడుతుంది.

*టైమ్డ్ అవుట్ అని ఉంటే* ఎదురుచూసి విసిగిపోయిందని అర్థం. ఇది అన్నిటికన్నా బలహీనమైన ఆధారం. సైటు పడిపోయినా, మీ నెట్ మందగించినా ఇదే వస్తుంది.

*403 అని ఉంటే* మిమ్మల్ని కాదన్నది సాధారణంగా సైటువారే. కొన్ని విదేశీ సైట్లు కొన్ని దేశాల పాఠకులను తామే రానివ్వవు. ఇది ప్రభుత్వ నిషేధం కాదు. *404 అని ఉంటే* ఆ పేజీ అక్కడ లేదు. *451 అని ఉంటే* చట్టపరమైన కారణంతో ఇవ్వడం లేదని సైటే ఒప్పుకుంటోంది. ఇది అరుదు, కనిపిస్తే జాగ్రత్తగా దాచుకోండి.

సామాజిక మాధ్యమాల సంగతి వేరు. ఎక్స్‌లో ఒక ఖాతా భారత్‌లో నిలిపివేసినట్టు కనిపిస్తే, యూట్యూబ్‌లో ఒక వీడియో ప్రభుత్వ ఉత్తర్వు వల్ల ఈ దేశంలో అందుబాటులో లేదని రాసి ఉంటే, ఆపింది మీ నెట్ కంపెనీ కాదు. ఆదేశం అందుకున్న ఆ వేదికే ఇక్కడివారికి చూపించడం మానింది. ఇలాంటివాటికి ఐదు, ఆరు మెట్లు పనికిరావు. స్క్రీన్‌షాట్ తీసి నేరుగా ఎనిమిదో మెట్టుకు వెళ్లండి.

5. డీఎన్ఎస్ మార్చి చూడండి

సైటు పేరు చెబితే దాని సర్వర్ నంబరు చెప్పే సేవను డీఎన్ఎస్ అంటారు. తపాలా కార్యాలయంలో ఊరి పేరు చెబితే పిన్‌కోడ్ చెప్పినట్టు. మామూలుగా ఈ జవాబు మీ నెట్ కంపెనీయే ఇస్తుంది. అది తప్పు జవాబు ఇస్తోందేమో తెలుసుకోవడానికి ఇంకొకరిని అడగాలి.

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే చోట ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఆంగ్లంలో టైపు చేయండి. అక్కడ హోస్ట్ పేరు అడిగే వరసను ఎంచుకుని, డీఎన్ఎస్ డాట్ గూగుల్ (dns.google) అని ఆంగ్ల అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా రాసి భద్రపరచండి. విమానం గుర్తును ఒకసారి నొక్కి, పది సెకన్ల తర్వాత తీసేయండి. ఇప్పుడు సైటు తెరవండి.

తెరుచుకుంటే, సైటు పేరు అడిగిన దగ్గరే మీ కంపెనీ దారి మళ్లిస్తోందని తేలినట్టు. తెరుచుకోకపోతే నిషేధం లేదని కాదు, రీసెట్ పద్ధతి వాడుతూ ఉండవచ్చు. ఎన్ఎక్స్‌డొమైన్ అనే మళ్లీ వస్తే సైటు పేరే గడువు తీరి ఉండే అవకాశం ఎక్కువ. నరసన్నపేట సంగతి అలాగే బయటపడింది.

చేసే పొరపాటు ఒకటుంది. హోస్ట్ పేరులో అక్షరం తప్పు రాస్తే ఫోనులో ఏ సైటూ రాదు. అప్పుడు కంగారుపడి ఫోను రీసెట్ చేయకండి, అదే చోటికి వెళ్లి ఆటోమేటిక్ అని మార్చండి. పరీక్ష పూర్తయ్యాక కూడా ఆటోమేటిక్‌లో పెట్టండి, ఎందుకంటే ఆరో మెట్టులో మీ కంపెనీ సొంత జవాబే మనకు కావాలి.

6. ఊనీ ప్రోబ్‌తో పరీక్షించండి

ఇంతవరకు చేసింది మీకు మీరు నిర్ధారించుకోవడానికి. ఇది ఇతరుల ముందు పెట్టడానికి. ఊనీ అనే బృందం 2012 నుంచి ప్రపంచమంతటా ఏ నెట్‌వర్క్‌లో ఏ సైటు ఆగిందో కొలతలు సేకరిస్తూ, వాటిని ఎవరైనా చూసేలా బయటపెడుతోంది. మన దగ్గరి నుంచి, ముఖ్యంగా చిన్న పట్టణాల నుంచి కొలతలు పెరగాలని నా కోరిక. హైదరాబాదులో, ఢిల్లీలో ఒకరు చేసిన పరీక్ష పార్వతీపురంలోని నెట్ గురించి పూర్తిగా చెప్పదు.

యాప్‌ను అధికారిక ప్లే స్టోర్ నుంచే దింపండి, ఎవరో పంపిన ఫైలు నుంచి వద్దు. మొదటిసారి తెరవగానే ఈ పరీక్షలో ఉన్న ఇబ్బందుల గురించి చెప్పి, అర్థమైందో లేదో చిన్న ప్రశ్నలు అడుగుతుంది. దాటేయకుండా చదవండి. సారాంశం ఇది: మీరు ఈ పరీక్ష చేస్తున్నారని మీ నెట్‌ను గమనించేవారికి తెలియవచ్చు. ఫలితం, నెట్ కంపెనీ, దేశం, సమయం అందరికీ కనిపిస్తాయి. మీ ఐపీ చిరునామాను (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరును) ప్రచురించకుండా ఉండేందుకు వారు జాగ్రత్త తీసుకుంటారు. ఇందులో ఏదైనా ఇష్టం లేకపోతే ఇక్కడితో ఆపేయండి. ఒకటి నుంచి ఐదు మెట్ల వరకు రాసుకున్నది కూడా విలువైనదే.

తర్వాత ఇలా:

విపిఎన్ ఆపండి. వెబ్‌సైట్ల పరీక్షను ఎంచుకోండి. యాప్‌లో ముందే ఉన్న పెద్ద జాబితా మొత్తాన్ని నడపకండి. అందులో అశ్లీల సైట్ల నుంచి జూదం సైట్ల వరకు అన్ని రకాలూ ఉంటాయి, మీ కనెక్షన్ నుంచి వాటన్నిటినీ తాకినట్టవుతుంది. సెట్టింగ్స్‌లో అక్కరలేని వర్గాలను తీసేయవచ్చు. మనకు కావలసింది మాత్రం సొంతంగా చిరునామా ఇచ్చే వరస. అక్కడ మీ సైటు చిరునామా పెట్టండి. దానితో పాటు తప్పకుండా తెరుచుకునే ఇంకో రెండు సైట్లు కూడా పెట్టండి, పోల్చుకోవడానికి. నడపండి.

వేగం కొలిచే పరీక్షలను మొబైల్ డేటా మీద చేయకండి, డేటా బాగా తింటాయి.

ఫలితం చదవడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. "అసాధారణం" అని వస్తే బ్లాక్ అయిందని అర్థం కాదు. మామూలుగా ఉండాల్సినట్టు లేదు అని మాత్రమే. సిగ్నల్ తెగినా, సైటు మందగించినా అదే వస్తుంది. నిషేధపు నోటీసు పేజీని ఊనీ గుర్తుపడితేనే "నిర్ధారణ" అంటుంది. కాబట్టి అసాధారణం అని ఒక్కసారి వచ్చిన ఫలితాన్ని పట్టుకుని ఎక్కడా రాయకండి. అదే పరీక్ష పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చొప్పున మూడు రోజులు చేయండి. రెండో కంపెనీ మీద కూడా చేయండి. ఒక కంపెనీ మీద ప్రతిసారీ అసాధారణం వచ్చి, ఇంకో కంపెనీ మీద ప్రతిసారీ సరిగా వస్తే మీ చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టే.

7. ఇతరుల ఫలితాలతో పోల్చండి

ఊనీ ఎక్స్‌ప్లోరర్ అనే వెబ్ పేజీలో దేశం భారత్ అని, సైటు చిరునామా మీదని ఇచ్చి వెతకండి. మిగతావారు చేసిన, మిగతా కంపెనీల నుంచి వచ్చిన కొలతలు తేదీల వారీగా కనిపిస్తాయి. ఎప్పటి నుంచి ఆగిందో కూడా తరచూ తెలుస్తుంది.

ఈ శ్రమ ఎందుకని అడిగేవారికి ఒక ఉదాహరణ. పెళ్లి వీడియోలు చూడడానికి ఊరూరా వాడే వీఎల్‌సీ ప్లేయర్ సంగతి గుర్తుందా? 2022 తొలి నెలల నుంచి దాని సైటు మన దేశంలో చాలా కనెక్షన్లలో తెరుచుకోలేదు. ఎందుకో దాని తయారీదారులకే తెలియదు. తర్వాత ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ అనే నెట్ హక్కుల సంస్థ సాయంతో వారు ప్రభుత్వానికి లీగల్ నోటీసు పంపారు. నవంబరులో అడ్డు తొలగింది. తుర్కియేలో వికీపీడియాను 2017 ఏప్రిల్‌లో ఆపేశారు. దాదాపు మూడేళ్లు పోరాడితే అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అది భావప్రకటన స్వేచ్ఛకు భంగమని తేల్చింది, 2020 జనవరిలో మళ్లీ తెరుచుకుంది. ఏ రోజు నుంచి, ఏ కనెక్షన్ మీద ఆగిందో ఎవరో ఒకరు ఓపికగా రాసి పెట్టుకోనిదే ఇలాంటి పోరాటం మొదలే కాదు.

8. ఎవరిని, ఎలా అడగాలి

ముందు సైటు యజమానికి ఉత్తరం రాయండి. మీకు నోటీసు వచ్చిందా అని అడగండి. సైట్లను ఆపించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చే ఐటీ చట్టం 69ఎ కింద ఆపాలంటే, అత్యవసరం కాని సందర్భాల్లో, యజమాని ఎవరో తెలిస్తే నోటీసు ఇచ్చి వారి మాట వినాలని 2009 నాటి నిబంధనలు చెబుతున్నాయి. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, అభ్యంతరకరమైన ఆన్‌లైన్ సందేశాలకు శిక్ష వేసే 66ఎను కొట్టివేసి 69ఎను నిలబెట్టినప్పుడు, ఇలాంటి రక్షణలు ఉన్నాయన్నదాన్నే ఆధారంగా తీసుకుంది. కాబట్టి నోటీసు వచ్చిందా అనేది చిన్న ప్రశ్న కాదు.

తర్వాత మీ నెట్ కంపెనీకి ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. "మా వైపు సమస్య లేదు" అనే జవాబు వచ్చినా పరవాలేదు, అది కూడా ఒక రికార్డే.

ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. కేంద్రంలో ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖకు ఒకటి, టెలికమ్యూనికేషన్ల శాఖకు ఒకటి. ఆన్‌లైన్‌లో చేయవచ్చు, తపాలాలో 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో పంపవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు, ఆధారం జతచేయాలి. ప్రశ్నలు ఇలా ఉండాలి:

"ఫలానా చిరునామా గల వెబ్‌సైటు ఫలానా తేదీ నుంచి ఫలానా కంపెనీ కనెక్షన్‌లో తెరుచుకోవడం లేదు. 1) ఈ చిరునామాను నిలిపివేయాలని మీ శాఖ ఆదేశం ఇచ్చిందా, లేదా? 2) ఇస్తే ఏ తేదీన, ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద? 3) కోర్టు ఉత్తర్వు అయితే కోర్టు పేరు, కేసు నంబరు, తేదీ. 4) ఆ ఆదేశం ఇప్పటికీ అమలులో ఉందా? 5) ఈ సమాచారం మొత్తం ఇవ్వలేకపోతే సమాచార హక్కు చట్టం సెక్షన్ 10 ప్రకారం ఇవ్వదగిన భాగాన్ని వేరు చేసి ఇవ్వండి."

"ఎందుకు ఆపారు?", "ఇది న్యాయమా?" అని అడగకండి. వాటికి రికార్డు ఉండదు, జవాబూ రాదు. అవును కాదు అనో, ఒక తేదీ, నంబరు, సెక్షన్ అనో చెప్పగలిగే ప్రశ్నలే అడగండి. మూడో ప్రశ్న ఎందుకంటే, ఆపేది ఎప్పుడూ ప్రభుత్వమే కాదు. 2017 ఆగస్టులో పాత వెబ్ పేజీలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటు మన దేశంలో ఆగిపోయింది. సినిమాల పైరసీపై నిర్మాతలు వేసిన కేసులో మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు దానికి కారణం.

30 రోజుల్లో జవాబు రావాలి. 69ఎ కింది నిబంధనల్లో 16వది గోప్యత పాటించాలంటుంది. దాన్ని చూపించి, దేశ భద్రత పేరు చెప్పి తిరస్కరించడం మామూలుగా జరిగేదే. నిరాశపడకండి. జవాబు అందిన 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. "నేను ఆదేశంలోని విషయం అడగలేదు, ఆదేశం ఉందో లేదో, తేదీ, సెక్షన్ మాత్రమే అడిగాను" అని స్పష్టంగా రాయండి. అప్పీలుకు కేంద్రంలో రుసుము లేదు.

పంపిన ప్రతి కాగితానికీ నకలు ఉంచుకోండి. న్యాయ సలహా కావాలంటే ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్, ఎస్ఎఫ్ఎల్‌సీ లాంటి సంస్థలు ఈ రంగంలోనే పనిచేస్తున్నాయి.

విపిఎన్ పెట్టుకుంటే పోలేదా?

ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. పరీక్షగా అయితే పనికొస్తుంది: వేరే దేశపు సర్వర్ నుంచి తెరుచుకుని మీ రెండు కనెక్షన్ల మీద తెరుచుకోకపోతే అది ఇంకో ఆధారం. కానీ ఉచిత విపిఎన్‌లను నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను. నెట్ కంపెనీకి తెలిసే మీ రాకపోకలన్నీ అప్పుడు ముక్కూముఖం తెలియని ఇంకొకరికి తెలుస్తాయి. పైగా 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం విపిఎన్ సంస్థలు వాడకందారుల వివరాలను 5 ఏళ్లు ఉంచాలి. ఆ తర్వాత కొన్ని పేరున్న సంస్థలు ఇక్కడి సర్వర్లను తీసేశాయి. అన్నిటికన్నా ముఖ్యం, విపిఎన్ మీ ఒక్కరికి దారి చూపిస్తుంది. సైటు మాత్రం మీ పక్కింటివారికి ఆగిపోయే ఉంటుంది.

దుబాయ్ కాల్ సంగతి

సోంపేట అమ్మగారికి, ఉద్దానంలో పిల్లలను గల్ఫ్ పంపిన తల్లిదండ్రులందరికీ ఇది. మీ నంబరును ఎవరూ ఆపలేదు. యూఏఈలో ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే సౌకర్యాన్ని అనుమతి పొందిన యాప్‌లకే ఇస్తారు. వాట్సాప్‌లో రాత, ఫొటోలు, గొంతు రికార్డు చేసి పంపే సందేశాలు వెళతాయి, కాల్ వెళ్లదు. ఇక్కడి సెట్టింగులు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు. ఊనీలో వాట్సాప్ పరీక్ష ఉంది కానీ అది కాల్స్‌ను పరీక్షించదు. అక్కడ "సరిగా ఉంది" అని వచ్చినా కాల్ కలవకపోవచ్చు.

"విపిఎన్ పెట్టుకోరా" అని పిల్లలకు చెప్పకండి. విపిఎన్ ద్వారా చిరునామా దాచి నేరానికి పాల్పడితే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల వరకు జరిమానా, లేదా రెంటిలో ఒకటి అని అక్కడి సైబర్ నేరాల చట్టం అంటోంది. అప్పు చేసి వెళ్లిన కుర్రాడు ఒక కాల్ కోసం ఆ ప్రమాదంలోకి వెళ్లనక్కరలేదు. అక్కడ నెట్ మీద ఆంక్షలు, శిక్షలు ఇంత గట్టిగా ఉన్నాయి కాబట్టే పరీక్షల కోసం కూడా వారిని వాడుకోవద్దన్నాను. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌ను ఇద్దరూ పెట్టుకోండి, లేదా గొంతు సందేశాలు పంపుకోండి.

నెట్ మొత్తం పోయినప్పుడు

ఇప్పుడు పలాస ప్రశ్న. ముందు మామూలు ఫోన్ కాల్ చేసి చూడండి, ఒక ఎస్ఎంఎస్ పంపండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, టవర్లు కలిసే పోయాయి, కాల్ కూడా కలవలేదు. ఆదేశంతో ఆపినప్పుడు మాత్రం మామూలుగా కాల్స్, ఎస్ఎంఎస్‌లు నడుస్తాయి, డేటా ఒక్కటే అన్ని కంపెనీలలో దాదాపు ఒకే సమయానికి పోతుంది. ఒక్క కంపెనీలోనే పోతే, ఎక్కడో రోడ్డు పనుల్లో కేబుల్ తెగి ఉండవచ్చు.

ఆదేశంతో ఆపడం మన రాష్ట్రానికి తెలియనిది కాదు. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను నిలిపివేశారు. ఐయోడా, క్లౌడ్‌ఫ్లేర్ రాడార్ అనే పేజీల్లో పెద్ద అంతరాయాలు గీతల రూపంలో కనిపిస్తాయి. వేరే జిల్లాలో ఉన్నవారిని చూడమని కాల్ చేసి అడగండి. ఒక మండలంలో పోయినది ఆ గీతల్లో కనిపించదు, కనిపించలేదు కాబట్టి జరగలేదని అనుకోవద్దు.

నెట్ లేనప్పుడు యాప్‌లు ఏవీ పనిచేయవు కాబట్టి నోటు పుస్తకం తీయండి. ఎన్ని గంటలకు పోయింది, ఏ ఏ కంపెనీలలో, కాల్స్ నడుస్తున్నాయా, ఇంటి ఫైబర్ నడుస్తోందా, ఎన్ని గంటలకు తిరిగి వచ్చింది. దాని వల్ల ఆగిన పని కూడా రాయండి: కట్టలేని పరీక్ష రుసుము, బండి మీద అరటిపళ్లు కొన్నవారికి వెళ్లని ఫోన్‌పే, ఆసుపత్రిలో తెరుచుకోని రిపోర్టు. వేరే మండలంలో ఉన్న మరో ఇద్దరితో అదే రాయించండి.

నెట్ వచ్చాక రాష్ట్ర హోం శాఖ ఆదేశం కోసం వెతకండి. 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఆదేశాలను బయటపెట్టాలని చెప్పింది. 2024 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఆదేశాన్ని కారణాలతో సహా ప్రచురించాలని ఉంది, ఒక ఆదేశం 15 రోజులకు మించకూడదు. దొరికితే తేదీ, ప్రాంతం, కారణం, గడువు అనే నాలుగింటినీ మీ పుస్తకంలోని సమయాలతో సరిచూడండి. ఆదేశంలో ఉన్న గంటకు ముందే పోయినా, గడువు దాటాక కూడా రాకపోయినా అది దరఖాస్తులో మీ మొదటి ప్రశ్న అవుతుంది. ఆదేశం ఎక్కడా దొరకకపోతే, ఎనిమిదో మెట్టులోని దరఖాస్తును "ఫలానా తేదీన, ఫలానా జిల్లాలో టెలికాం సేవల నిలిపివేతకు ఆదేశం ఇచ్చారా, ఇస్తే ఎక్కడ ప్రచురించారు?" అని మార్చి, హోం శాఖ ప్రజా సమాచార అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రసీదును పుస్తకంలో ఆ పేజీకే అంటించండి.